20 లీటర్ల క్యాన్: దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న ఒక ట్రాన్స్ మహిళ కేసు

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. రాశాక చదివి వినిపించాను. రెండు చోట్ల మార్చమన్నారు, మార్చాను. పేరు, వయసు, ఉండే పేట ఇందులో లేవు. ఆమె విజయవాడలో టిఫిన్ బండి నడుపుతారు. నేను అదే ఊళ్లో ఫిజియోథెరపిస్టుని. ఇంతవరకు తెలిస్తే చాలు.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా "నొప్పి తగ్గించండి" అంటారు. ఆమె కూర్చోగానే అన్న మాట వేరు. "మేడమ్, నాకు బలం కావాలి. 20 లీటర్ల క్యాన్ నేనే ఎత్తి బండి మీద పెట్టుకోవాలి." తెల్లవారుజామున నాలుగున్నరకి వాటర్ క్యాన్ల ఆటో వచ్చి రోడ్డు పక్కన దించి వెళ్లిపోతుంది. అక్కణ్ణుంచి బండి దాకా పది అడుగుల దూరం. ఆ పది అడుగులు మోయడానికి రోజూ ఎవరినో ఒకరిని పిలవాలి. పిలిచిన ప్రతిసారీ ఒక వెకిలి మాట పడాలి, లేదంటే ఎవడిదో చెయ్యి మీద పడుతుంది. "నీళ్లకి డబ్బులిస్తున్నా మేడమ్, ఎత్తినందుకు మాట కూడా పడుతున్నా." నా కేసు షీటులో పేషెంటు లక్ష్యం అనే గడిలో ఆ వాక్యాన్ని అలాగే రాసుకున్నాను.

వివరాలకొస్తే, నడుం నొప్పి నాలుగేళ్లుగా ఉంది. కుడి పిరుదు మీదుగా తొడ వెనక్కి లాగుతుంది. చివరి ఏడాదిలో మెడ, భుజాలు, రెండు మోకాళ్లు కూడా తోడయ్యాయి. పొద్దున లేవగానే అరగంట ఒళ్లంతా పట్టేసినట్టు ఉంటుంది. సున్నా నుంచి పది వరకు ఉన్న కొలతలో మామూలు రోజు నొప్పి 7 అన్నారు. పిండి పనికి మూడింటికి లేస్తారు కాబట్టి నిద్ర ఐదు గంటలకు మించదు. జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో బలహీనత, మూత్రం పట్టు తప్పడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం లాంటి ప్రమాద సూచనలు ఏవీ లేవు. మూడేళ్లుగా ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, పర్యవేక్షణలో ఈస్ట్రాడియాల్ (ఈస్ట్రోజన్ రకం ఆడ హార్మోను), స్పైరోనోలాక్టోన్ (మగ హార్మోనును అణిచే మందు) మాత్రలు వాడుతున్నారు.

నొప్పి మొదలై నాలుగేళ్లు, హార్మోన్లు మొదలై మూడేళ్లు. అయినా అంతకుముందు చూపించుకున్న రెండు చోట్ల "ఆ హార్మోన్ల వల్లే ఈ నొప్పులన్నీ, ముందు అవి మానెయ్" అన్నారట. తేదీలు అడిగి ఉంటే ఆ మాట వచ్చేది కాదు. ట్రాన్స్ వ్యక్తి ఏ ఇబ్బందితో వచ్చినా కారణాన్ని వాళ్ల ట్రాన్స్ జీవితంలోనే వెతకడం మా వృత్తిలో ఉన్న పెద్ద తప్పు. దానివల్ల అసలు పరీక్ష జరగదు. పేషెంటు కూడా రెండోసారి రారు.

అంతకుముందు ఏడాది ఆమె ఒక జిమ్‌లో చేరి పదకొండు రోజులు వెళ్లారు. ట్రైనర్ ఛాతీ, భుజాలు, చేతుల కండలకు చార్ట్ రాసిచ్చాడు. అది ఆమె అడిగింది కాదు. బట్టలు మార్చుకోవడానికి ఆడవాళ్ల గదిలోకి వద్దన్నారు, మగవాళ్ల గదిలోకి ఆమె వెళ్లలేరు. మూడు నెలల ఫీజు వెనక్కి రాలేదు.

ఇంత విన్నాక కూడా మొదటి రోజు నేను రెండు తప్పులు చేశాను. ఆమె తెచ్చిన ఎమ్మారై కవరు మీద పాత పేరు ఉంది. మా రిసెప్షన్ అమ్మాయి ఆ పేరునే హాలులో గట్టిగా పిలిచింది. పదిమంది తలలు తిరిగాయి. తప్పు ఆ అమ్మాయిది కాదు. మా రిజిస్టరులో పిలవాల్సిన పేరు అని ఒక గడి పెట్టించాల్సింది నేను. ఆ సాయంత్రమే పెట్టించాను. రెండో తప్పు పరీక్ష గదిలో జరిగింది. నడుం చూడాలి కాబట్టి అలవాటుగా "బోర్లా పడుకోండమ్మా" అన్నాను. ఈస్ట్రోజన్ వాడేవాళ్లలో రొమ్ములు పెరిగే దశలో ముట్టుకుంటేనే నొప్పి ఉంటుంది. ఆమె పళ్లు బిగపట్టి పడుకున్నారు, ఏమీ అనలేదు. నిమిషం తర్వాత గానీ నేను గమనించలేదు. ఆ తర్వాత పరీక్ష అంతా పక్కకు తిరిగి పడుకోబెట్టి, కూర్చోబెట్టి చేశాను. నడుం కదలికలు చూడటానికి బోర్లా పడుకోబెట్టి తీరాల్సిన అవసరం నిజానికి చాలా తక్కువ.

ఇంకో విషయం అడగడానికి తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగాను. తుంటి ముందుకు వంచినప్పుడు గజ్జల్లో నొప్పి అంటున్నారు. ముందు భాగం చదునుగా కనిపించడానికి లోపల బిగుతుగా కట్టుకునే బట్ట వల్ల కావచ్చా అని. ఆమె నా ముఖం వైపు చూసి, "ఇంతవరకు ఎవరూ అడగలేదక్కా" అన్నారు. మేడమ్ అక్కడ అక్క అయింది. పదిహేను గంటలు ఆ బిగుతుతో నిలబడి, కూర్చుని, వంగుతున్నారు. వ్యాయామం చేసే అరగంట కాస్త వదులుగా ఉండేది వేసుకుని, పైన మోకాళ్లు దాటే లూజు కుర్తా వేసుకోవచ్చని మాట్లాడుకున్నాం. శస్త్రచికిత్సల గురించి అంతకుమించి నేను అడగలేదు. వ్యాయామానికి అవసరమైనంత వరకే అడగాలి. మన కుతూహలానికి కేసు షీటులో గడి లేదు.

బలం కొలిచాం. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం 30 సెకన్లలో 9 సార్లు. ఆ వయసుకు ఇది చాలా తక్కువ. కుడిచేతి పట్టు 24 కేజీలు, ఎడమది 21. రోజువారీ పనుల్లో ఇబ్బందిని కొలిచే ఆస్వెస్ట్రీ ప్రశ్నావళిలో 46 శాతం. పట్టు కొలిచే పరికరంతో వచ్చిన పట్టికలో రెండే వరుసలు ఉంటాయి, మగ, ఆడ. ఏ వరుసలో చూడాలని ఆమే అడిగారు. "ఏదీ వద్దమ్మా, మీ ఈరోజు అంకెని మూడు నెలల తర్వాత మీ అంకెతోనే పోల్చుకుందాం" అన్నాను. ఊరడింపుకి చెప్పిన మాట కాదది. హార్మోన్ల మీద మూడేళ్లున్న శరీరానికి ఆ రెండు వరుసలూ సరిగ్గా అతకవు.

వ్యాయామం మొదలుపెట్టే ముందే ఒక ఆటంకం వచ్చింది. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయన్నారు. పడుకున్నప్పుడు బీపీ 112/72, నిలబడ్డాక రెండు నిమిషాలకి 90/60. రోజుకి నీళ్లు ఎన్ని తాగుతారంటే, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అసలు తాగనన్నారు. బండి దగ్గర ఆమె వెళ్లగలిగిన టాయిలెట్ లేదు. స్పైరోనోలాక్టోన్ మూత్రం ఎక్కువ పోయించే మందు. నీళ్లు తాగకుండా ఆ మందుతో, స్టౌ పక్కన, ఎండలో ఎనిమిది గంటలు నిలబడితే కళ్లు తిరగక ఏమవుతుంది? ఆమె దీన్ని కూడా నడుం జబ్బులో భాగమే అనుకుంటున్నారు.

ఇంకా లోతుకి వెళితే, నొప్పికి మెడికల్ షాపులో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రోజుకి రెండు చొప్పున నెలల తరబడి వాడుతున్నారు. నీరసానికి ఎవరో చెప్పారని రోజూ రెండు కొబ్బరి బోండాలు. ఇక్కడ నేను ఆగాను. స్పైరోనోలాక్టోన్ ఒంట్లో పొటాషియంను నిలబెడుతుంది. ఎసిక్లోఫెనాక్ జాతి నొప్పి మాత్రలు మూత్రపిండాల మీద భారం వేసి పొటాషియంను ఇంకా పెంచుతాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది. మూడూ కలిస్తే గుండె లయకు ప్రమాదం రావచ్చు. ఎండోక్రైనాలజిస్టుకి ఉత్తరం రాసి పంపాను. పొటాషియం 5.4 వచ్చింది, మామూలుగా 5 దాటకూడదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగానే ఉంది. డాక్టరుగారు ఆ నొప్పి మాత్ర ఆపించి, స్పైరోనోలాక్టోన్ డోసు సరిచేసి, ఈస్ట్రాడియాల్ అలాగే కొనసాగించమన్నారు. మూడు వారాలకి పొటాషియం 4.6. హార్మోన్ మందుల మీద ఉన్నవాళ్లకు జిమ్‌లో ధారాళంగా చెప్పే "బాగా కొబ్బరి నీళ్లు తాగు, అరటిపళ్లు తిను, నొప్పొస్తే మాత్ర వేసుకో" అనే సలహా ఎందుకు చెప్పకూడదో దీనివల్ల తెలుస్తుంది. మందుల చీటీ చూడకుండా ఆహారం చెప్పకూడదు.

అదే రిపోర్టులో హిమోగ్లోబిన్ 12.2 అని ఉండి, పక్కన ‘తక్కువ’ అని నల్లటి అక్షరాల్లో అచ్చయింది. ల్యాబులో ఆమెను పురుషుల పరిమితితో, అంటే 13 నుంచి, కొలిచారు. మగ హార్మోను టెస్టోస్టెరాన్ అణిగాక నాలుగు నెలల్లోపే హిమోగ్లోబిన్ మహిళల స్థాయికి దిగుతుంది, మహిళల పరిమితి 12 నుంచి మొదలవుతుంది. డాక్టరుగారు కూడా రక్తహీనత కాదనే చెప్పారు. ఆ ‘తక్కువ’ అనే మాట చూసి ఆమె అప్పటికే ఐరన్ మాత్రలు మొదలుపెట్టి, మలబద్ధకంతో నడుం మీద ఇంకో భారం తెచ్చుకున్నారు.

టాయిలెట్ సంగతి నేను పరిష్కరించలేదు. ఆమే బండి ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపు ఆవిడతో మాట్లాడుకున్నారు. రోజూ రెండు ఇడ్లీల పొట్లం, బదులుగా షాపు వెనక టాయిలెట్ తాళంచెవి. ఆ వారం నుంచి నీళ్లు తాగడం మొదలైంది, కళ్లు తిరగడం తగ్గింది. ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఆ తాళంచెవి అని నా నమ్మకం.

ఎమ్మారైలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం కింది నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య, మెత్తలా ఉండే డిస్క్ కాస్త ఉబ్బినట్టు ఉంది. "డిస్క్ జరిగింది, వంగొద్దు, బరువులెత్తొద్దు" అని ఎప్పుడో చెప్పారు. టిఫిన్ బండి పెట్టుకున్న మనిషి వంగకుండా ఎలా బతకాలి? వంగారు, కానీ భయపడుతూ, ఊపిరి బిగబట్టి, నడుం కర్రలా చేసుకుని వంగారు. తుంటి, తొడ కండరాలు పని మానేశాయి. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం నడుం నొప్పి లేని 30 ఏళ్లవాళ్లలో కూడా సుమారు 40 శాతం మందికి స్కానులో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. ఈ లెక్క చెబితే, "అంటే నా నొప్పి ఊరికేనా?" అని కోపంగా అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. "నొప్పి నిజమేనమ్మా. మీరు అనుకుంటున్నంత దెబ్బ మాత్రం నడుంలో లేదు. నాలుగేళ్ల నొప్పి, నిద్రలేమి, రోజూ వీధిలో ఒళ్లు బిగపట్టుకుని నిలబడటం, వీటన్నిటితో నరాలు చిన్న కదలికకే పెద్దగా స్పందిస్తున్నాయి. మెల్లగా అలవాటు చేస్తే తగ్గుతాయి" అని చెప్పాను. మూడు నెలలు దాటిన నొప్పిని మేం దీర్ఘకాలిక నొప్పి అంటాం. అందులో గాయం ఎంత, నరాల తీరు ఎంత అన్నది విడివిడిగా చూడాలి.

రెండో వారంలో అసలు భయం బయటపడింది. రబ్బరు బ్యాండు లాగమని ఇచ్చాను, లాగలేదు. నొప్పా అంటే కాదన్నారు. చాలాసేపటికి చెప్పారు: "చేతులు మగాళ్లలా అయిపోతాయేమో అక్కా. ఇంత కష్టపడి ఇక్కడిదాకా తెచ్చుకున్నా."

ఇది చిన్న భయం కాదు. నొప్పి ఉన్నా, లేకపోయినా ఈ భయం ఉన్నంతకాలం ఆమె ఏ వ్యాయామమూ మనసు పెట్టి చేయరు. కాబట్టి ఆ రోజు వ్యాయామం మానేసి కూర్చుని మాట్లాడాం. ఆమె రిపోర్టులో టెస్టోస్టెరాన్ డెసీలీటరుకు 38 నానోగ్రాములు ఉంది, మహిళల్లో ఉండేంతే. ఆ స్థాయిలో వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాల వ్యాయామంతో భుజాలు చొక్కా చిరిగేలా పెరగవు. మొదటి ఆరేడు వారాల్లో పెరిగే బలం చాలావరకు నరాలు కండరాన్ని బాగా పిలవడం నేర్చుకోవడం వల్ల వస్తుంది, కండ సైజు వల్ల కాదు. స్వీడన్‌లో చేసి 2020లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో 11 మంది ట్రాన్స్ మహిళలను హార్మోన్లు మొదలుపెట్టాక ఏడాది గమనించారు. తొడ కండరం దాదాపు 5 శాతం తగ్గింది, బలం మాత్రం నిలబడింది. అంటే కండ సైజు, బలం ఎప్పుడూ ఒకే దారిలో నడవవు. పదకొండు మందితో అన్నీ తేలిపోవని కూడా ఆమెకు చెప్పాను.

ఆపైన ఒప్పందం కుదిరింది. కాళ్లు, తుంటి, నడుం, చేతి పట్టు మీద పని చేస్తాం. భుజాల పైకి బరువెత్తే వ్యాయామాలు ఉండవు. బ్యాండు లాగడం మాత్రం ఉంటుంది, ఎందుకంటే క్యాన్ మోసేటప్పుడు వీపు ఒంగిపోకుండా ఆపేది ఆ కండరాలే. నెలకోసారి చేతి చుట్టుకొలత టేపుతో ఆమే కొలుచుకుంటారు. ఒక సెంటీమీటరు పెరిగినా మార్చేద్దాం అన్నాను. అద్దం లేని గదిలో చేస్తాం.

ఆగస్టు చివర్లో మొదలుపెట్టాం. ఎత్తు స్టూలు మీద కూర్చుని లేవడం, 8 సార్లు, రెండు విడతలు. వెల్లకిలా పడుకుని తుంటి పైకెత్తడం. వీపుకి చపాతీ కర్ర ఆనించుకుని, అది మూడు చోట్ల తగిలేలా తుంటి దగ్గర వంగడం. తర్వాత బరువు. నేలమీంచి కాకుండా, మోకాలి ఎత్తున్న బల్ల మీంచి ఎత్తించాను. బరువుగా నేను ఎంచుకున్నది క్యాన్‌నే, ఐదు లీటర్లు పోసి. తెలివైన పని అనుకున్నాను, తెలివితక్కువది అయింది. సగం నిండిన క్యాన్‌లో నీళ్లు అటూఇటూ ఊగుతాయి. ఎనిమిది లీటర్ల దగ్గర ఊపుకి నడుం ఒక్కసారి మెలిపడి, రెండు రోజులు మంచం దిగలేదు. నిండు క్యాన్ కన్నా సగం క్యాన్ పట్టుకోవడం కష్టమని నాకు తట్టి ఉండాల్సింది. మర్నాడు వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పి, ఇడ్లీ రవ్వ కేజీ ప్యాకెట్లు బలమైన సంచిలో పేర్చి చూపించాను. వారానికి ఒకటో రెండో ప్యాకెట్లు కలపడం. కదలదు, లెక్క తప్పదు, ఇంట్లో ఎలాగూ ఉంటాయి.

నొప్పికి నియమం ఒకటే పెట్టుకున్నాం. చేసేటప్పుడు నొప్పి మామూలు కన్నా కాస్త పెరిగినా ఫరవాలేదు, మర్నాటికి మామూలు స్థాయికి దిగితే అదే బరువు. దిగకపోతే రెండు ప్యాకెట్లు తీసేయడం, మానేయడం మాత్రం వద్దు. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లు బాగున్న రోజు మూడు రోజుల పని చేసేసి, తర్వాత నాలుగు రోజులు పడిపోతారు. ఆ ఊపుని ఆపడం బలం పెంచడం కన్నా కష్టం.

ఆరో వారంలో దసరా వచ్చింది. విజయవాడలో టిఫిన్ బండి ఉన్నవాళ్లకి ఇంద్రకీలాద్రి నవరాత్రులంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మూలా నక్షత్రం రోజు ముందు రాత్రి నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఆమె నిలబడే ఉన్నారు. నొప్పి 9కి వెళ్లింది. ఫోన్ చేసి, "అంతా పోయిందక్కా, మళ్లీ మొదటికి వచ్చింది" అని ఏడ్చారు. పండగ పది రోజుల సంపాదన వదులుకోమని నేను చెప్పను. ఆ వారం వ్యాయామాన్ని సగానికి తగ్గించాం. గంటకోసారి ఎత్తు పీట మీద ఒక కాలు పెట్టి నిలబడటం, బండి వెనక రెండు నిమిషాలు కూర్చోవడం, డాక్టరుగారు ఒప్పుకున్న మేరకు పారాసిటమాల్. పన్నెండు రోజులకి నొప్పి 6కి దిగింది. మొదటి రోజు పట్టికతో పోల్చి చూపిస్తే, అంత పండగ తర్వాత కూడా కుర్చీలోంచి లేవడం 12 సార్లు వచ్చింది. మొదటికి రాలేదని ఆమే లెక్కతో నమ్మారు.

పదహారు వారాలకి మళ్లీ కొలిచాం. కుర్చీలోంచి లేవడం 15 సార్లు. పట్టు కుడి 29, ఎడమ 26. ఆస్వెస్ట్రీ 28 శాతం. మామూలు రోజు నొప్పి 4, చెడ్డ రోజు ఇప్పటికీ 7. పొద్దున ఒళ్లు పట్టేయడం తగ్గలేదు, మెడ నొప్పీ పెద్దగా తగ్గలేదు. నిద్ర ఆరు గంటలకు దగ్గరైంది, అదీ రుబ్బే పని సాయంత్రానికి మార్చుకోవడం వల్ల. చేతి చుట్టుకొలత నాలుగు నెలల్లో మారలేదు. టేపు అంకెలు పుస్తకం వెనక అట్ట మీద వరుసగా రాసుకుని ఉన్నాయి.

క్యాన్ విషయం. డిసెంబరు చివర్లో ఒక తెల్లవారుజామున నేనే బండి దగ్గరికి వెళ్లాను. చూడమన్నది ఆమే. క్యాన్‌ని ముందు నేల మీంచి చిన్న పీట మీదికి, పీట మీంచి ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, బండి మీదికి. రెండు దశల్లో. పక్కన నిలబడ్డ ఒకతను సాయానికి చెయ్యి చాపితే, "వద్దన్నా, అయిపోయింది" అన్నారు. ఆ తర్వాత ఐదు నిమిషాలు నడుం పట్టుకుని కూర్చున్నారు. చెడ్డ రోజుల్లో ఇంకా ఎత్తలేరు. అలాంటి రోజు కోసం ఆటో అతనితో మాట్లాడి, నెలకి యాభై రూపాయలు ఎక్కువిచ్చి క్యాన్ నేరుగా బండి మీదే దించేలా చేసుకున్నారు.

భుజాల వ్యాయామానికి ఇప్పటికీ ఒప్పుకోలేదు. నేను మళ్లీ అడగలేదు. తలపైన ఉండే పప్పు డబ్బాల అర వల్ల మెడ లాగుతోందని తేలాక, వడ్రంగిని పిలిపించి ఆ అరని ఛాతీ ఎత్తుకి దింపించుకున్నారు. గ్యాస్ సిలిండర్ ఎత్తరు, అంచు మీద దొర్లించడం నేర్చుకున్నారు. ఇప్పుడు వారానికి రెండు రోజులు ఇంట్లోనే చేసుకుంటున్నారు, సంచిలో పద్దెనిమిది ప్యాకెట్లు. పొటాషియం పరీక్ష మళ్లీ మార్చిలో ఉంది. ఆ రిపోర్టు తెచ్చిన రోజు మెడ సంగతి మొదలుపెడదామనుకున్నాం.